ప్యాచ్ మీద పేరు

కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి తప్పు ఎక్కడుందో కెరెన్‌కి దొరికింది. స్టవ్ కట్టేసి, తడిచేతులు చున్నీకి తుడుచుకుని మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. గుర్‌గావ్ ఆఫీసులో భర్త ఫెలిక్స్ రెండు వారాలుగా తల పట్టుకున్న సమస్య అది. ఒకప్పుడు ఆమె కూడా అక్కడే పనిచేసింది. పాప ఆరాధన పుట్టాక "ఒకళ్లైనా ఇంట్లో ఉండాలి కదా" అన్నాడతను. ఆ ఒకళ్లు ఎవరని ఎవరూ అడగలేదు.

ఏదైనా ప్రోగ్రామ్ వివరాలు అడిగితే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నెల్ మెమరీలో కొంత జాగా తీసుకుని, కావలసినవి నింపి ఇస్తుంది. నింపకుండా మిగిలిన చోట అంతకుముందు ఎవరివో పాస్‌వర్డు ముక్కలు ఉండిపోయి, వాటితోపాటే బయటికి పోతున్నాయి. ముందుగా ఆ జాగానంతా సున్నాలతో తుడిచేస్తే చాలు. ఒక్క లైను. దానికి పాప నిద్రపోయిన మధ్యాహ్నాలు పదకొండు పట్టాయి.

సాయంత్రం చూపిస్తే ఫెలిక్స్ ఆమెని ఎత్తి గిరగిరా తిప్పాడు. లోకమంతా చూసే కెర్నెల్ మెయిలింగ్ లిస్టుకి ఆ సవరణని, అంటే ప్యాచ్‌ని, తన పేరుతో పంపాడు. "ఆఫీసు నుంచి వెళ్లాలి కదా, ఫార్మాలిటీ" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఆ నవ్వు తలుచుకుంటేనే ఆమెకి ఎక్కువ బాధ వేసేది.

ఆదివారం ద్వారక చర్చిలో అత్తగారు మార్త సాక్ష్యం చెప్పింది. "మా అబ్బాయి లోకంలో కంప్యూటర్లన్నిటికీ కాపలా పెట్టాడు, దేవునికి స్తోత్రం." వెనక వరసలో పాపకి పాలసీసా పడుతూ కెరెన్ అందరితోపాటు ఆమేన్ అంది.

మూడు నెలలకి నోయిడాలో ఒక ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మేనేజర్ అరుంధతి తెలుగావిడే. కెరెన్ ఆ సవరణ గురించి ఉత్సాహంగా చెప్పుకుపోయింది. ఆవిడ కంప్యూటర్లో వెతికి, స్క్రీన్ ఇటు తిప్పింది.

"ఇందులో ఫెలిక్స్ అని పేరుందమ్మా."

"మావారండీ. కోడు నాదే."

"అచ్ఛా. అలాగని ఆయన్ని ఒక్క మెయిల్ ఇమ్మనండి, చాలు."

ఇంటికొచ్చి అడిగితే ఫెలిక్స్ తెల్లబోయాడు. "నా ప్రమోషన్ దానిమీదే వచ్చింది కెరెన్. అయినా కష్టపడింది నేనే కదా! నువ్వు కొంచెం హెల్ప్ చేశావని రాస్తాలే."

"మొగుడి పేరు నీ పేరు కాదా తల్లీ?" అంది మార్త.

అతని ముఖంలో అబద్ధం లేదు. మూడు నెలల్లో అతను నిజంగానే అలా నమ్మేశాడు. కెరెన్ బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పదకొండు మధ్యాహ్నాలకీ సాక్షి అతనొక్కడే. అతనే మర్చిపోయాడు.

"ఏం రాయొద్దు" అని మాత్రం చెప్పింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది.

అలాంటి తప్పే కెర్నెల్లో ఇంకోచోట, ప్రింటర్‌లాంటి పరికరాల్ని నడిపే ఒక డ్రైవర్ ప్రోగ్రామ్‌లో దొరకడానికి ఆమెకి ఆరు వారాలు పట్టింది. సరిచేసి, పెళ్లికి ముందున్న తన పేరుతో లిస్టుకి పంపింది.

మర్నాడు ఫెలిక్స్ ఆఫీసు నుంచి వస్తూనే అడిగాడు, బాగా నొచ్చుకుని. "నాకిస్తే నేను పంపేవాణ్ని కదా?"

"తెలుసు" అంది కెరెన్.