ఇరవై ఏడో పేజీలో తప్పు

నేను ఒక పుస్తకాన్ని. పేరు 'నలభై రోజుల్లో టర్కీ భాష'. నన్ను రాసిన పెద్దమనిషికి టర్కీ భాష రాదు. విజయవాడలో ఒక మేడమీద గదిలో కూర్చుని, ఎవరో రాసిన ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని, తొమ్మిది రోజుల్లో నన్ను ముగించాడు. పదో రోజున ఇంకో భాష అందుకున్నాడు. అట్ట మీద మాత్రం తన పేరు ముందు 'పండిత' అని వేయించుకున్నాడు.

నన్ను మొదట కొన్నది పరాంకుశం. విశాఖపట్నంలో ఓడలకు పనివాళ్లను పంపే ఆఫీసులో గుమాస్తా. నాలుగు రంగుల పెన్నులు కొని, మొదటి నాలుగు పేజీల్లో ప్రతి మాట కిందా గీతలు గీశాడు. 'మెర్‌హబా' అంటే నమస్కారమని నేర్చుకుని, ఆఫీసులో కనిపించినవాళ్లందరినీ దానితో బాదాడు. ఐదో పేజీ తెరవనేలేదు. ఏడాదంతా "టర్కిష్ నేర్చుకుంటున్నానండీ" అని చెప్పుకోవడంలోనే అతని చదువు పూర్తయింది. మనుషులకు భాష అక్కర్లేదు, నేర్చుకుంటున్నామన్న పేరు చాలు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

అంతలో ఆ ఆఫీసు పంపిన ఫిట్టర్ లోకనాథం, టర్కీలోని మెర్సిన్ రేవులో ఓడ నిచ్చెన మీదనుంచి పడ్డాడు. తుంటి విరిగింది, దవడ పగిలింది. పక్కన ఉండడానికి భార్యను పంపమని ఓడ కంపెనీ కబురు పెట్టింది. ఆమె దమయంతి, సోంపేట దగ్గర ఊరు. పదో తరగతి దాటలేదు, ఇంగ్లీషు రాదు. పరాంకుశం నన్ను ఆమె చేతిలో పెట్టి, "ఇదుంటే చాలమ్మా, గడగడా మాట్లాడేస్తారు" అన్నాడు.

ఆమె నన్ను నమ్మింది. విమానంలో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఈవిడ నేర్చుకోవడమేమిటి, అనుకున్నాను.

ఆస్పత్రిలో లోకనాథం దవడను తీగలతో బిగించి కట్టారు. మాట లేదు. నర్సు వచ్చి దమయంతినే అడిగింది: "ఆరి వార్ మి?" నొప్పి ఉందా అని. ఆమె గబగబా నన్ను తిప్పింది. ఇరవై ఏడో పేజీలో ఉంది: 'యోక్ అంటే ఉంది, వార్ అంటే లేదు.' మా పండితుడు నిద్రమత్తులో రెండింటినీ తారుమారు చేశాడు.

"యోక్, యోక్!" అంది దమయంతి కళ్లనీళ్లతో. పైగా మనవాళ్లు అవునన్నప్పుడు ఆడించినట్టే తల పక్కలకు వాల్చి ఆడించింది. నర్సు తికమక పడింది, కానీ నొప్పి లేదనే రాసుకుంది. మందు తగ్గించారు. ఓడ కంపెనీ దుబాసీ వారానికోసారే వస్తాడు. రెండు రోజులు ఆ మనిషి మంచం పట్టె పిడికిట బిగించి పడుకున్నాడు. నర్సు అడిగినప్పుడల్లా ఆమె ఇంకా గట్టిగా "యోక్" అని అరిచింది. నేను ఆమె ఒళ్లో తెరుచుకునే ఉన్నాను.

పక్క మంచం మీది ముసలాయన భార్య గుల్సుమ్ ఇదంతా చూస్తూనే ఉంది. మూడో రోజు ఆమె వచ్చి నన్ను మూసేసి కిటికీలో పడేసింది. సంచిలోంచి కమలాపండు తీసి చూపించి "వార్" అంది. సంచి బోర్లించి, దులిపి, "యోక్" అంది. మళ్లీ నింపింది, మళ్లీ దులిపింది.

దమయంతి ముఖం పాలిపోయింది. "ఓలమ్మా! నానేటి సేసీసినాను! నా నోటితో నానే మందు ఆపించీసినాను!" అంటూ నర్సుల గదికి పరుగెత్తింది. "వార్! ఆరి వార్! చోక్ వార్!" చాలా ఉందని. ఆ 'చోక్' అనే మాట ఎక్కడ పట్టిందో నాకు తెలియదు.

పది నిమిషాల్లో సూది వేశారు. లోకనాథం పిడికిలి వదిలాడు. అతని కాళ్ల దగ్గర కూర్చుని ఆమె చాలాసేపు ఏడ్చింది.

తర్వాత రెండు నెలలూ నేను కిటికీలోనే ఉన్నాను. దమయంతి గుల్సుమ్ దగ్గర కూరలు తరుగుతూ, దుప్పట్లు మడుస్తూ నేర్చుకుంది. 'ఎవ్' ఇల్లు, 'ఎవ్‌లెర్' ఇళ్లు, 'ఎవ్‌లెర్‌దె' ఇళ్లలో. "మన మాటలాగే ఉన్నాదండీ, తోక ఎనకాలే తగిలిస్తన్నారు. వచ్చినాడో ఎల్లినాడో సెప్పీది కూడా సివరాకరికే సెప్తన్నారు" అని మొగుడితో చెప్పింది. నూట అరవై పేజీల్లో నేను ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఇంగ్లీషు కొలతలు పట్టుకుని టర్కీ భాషకు కుట్టిన తెలుగు బట్టను నేను.

సామాన్లతో పాటు నేనూ ఊరికి తిరిగొచ్చాక లోకనాథం నన్ను పాతసామాన్లవాడికి వేసేద్దామన్నాడు.

"వద్దు. ఇంకొకరి సేతిలో పడితే?" అంది దమయంతి.

రోజూ పొద్దున్నే రెండేసి కాగితాలు చింపి పొయ్యి ముట్టిస్తుంది. ఇరవై ఏడో పేజీ మొదటిరోజే పోయింది. ఇంకా ఓ నలభై కాగితాలు మిగిలాను. నా మీద నాకు జాలి లేదు. పరాంకుశం మీదా పండితుడి మీదా ఎంత ఏవగింపో, అంతే నా మీదా ఉంది.

ఇవాళ గుల్సుమ్ ఫోన్ చేసింది. ఆమె మొగుడు పోయి నలభై రోజులైందట. దమయంతి పొయ్యి దగ్గర పీట మీద కూలబడి, ఆగి ఆగి, తప్పుల టర్కీ భాషలో, మెల్లగా ఓదారుస్తోంది. అవతల ఆ ముసలామె ఊపిరి తీసుకుని మళ్లీ మాట్లాడుతోంది. చెవులు రిక్కించి విన్నాను. ఆ మాటల్లో ఒక్కటీ నాలో లేదు.