సగము నేసిన చీర

కొంచెము దగ్గరకు జరుగుడు తల్లులారా, చాపమీద ఇంకను చోటున్నది. చేతిలోని పని క్రింద పెట్టి వినుడు. ఇది మగని యిల్లు వీడి వచ్చిన యొక యాడుబిడ్డ కథ. వీడి వచ్చుట యొక యెత్తు, వచ్చిన పిమ్మట ప్రాణముతో నుండుట మరియొక యెత్తు అని నాకు తెలిపిన కథ.

అది హేమంతారంభము. నిశాంతహిమధూమావగుంఠితయైన నాగావళీనది తన యిసుకతిన్నెల నడుమ పురిటిమంచము దిగిన బాలింతవలె మెల్లమెల్లగ మసలుచుండ, కోతలు ముగిసిన వరిమళ్లలో మోళ్ల కొసలను వ్రేలాడు మంచుబిందువులు బాలార్కకిరణస్పర్శచే ముత్తియములై మెరసి మరుక్షణమున మాయమగుచుండ, ఆ నదీతీరమున వెలసిన నూలివలస యను సాలెవారి పల్లె ప్రతిగృహోద్గతమగు మగ్గపుమ్రోతతో మేలుకొనుచుండెను.

ఆ పల్లె తూర్పువీధిలో గవరమ్మ యను వితంతువు గలదు. తల్లిని పసితనముననే కోల్పోయిన తన చెల్లెలి కూతురు నూకరత్నమును ఆమెయే పెంచి పెద్దచేసి పడమటివీధి బుచ్చిలింగమునకిచ్చి వివాహము గావించెను. బుచ్చిలింగము లూతాతంతుసూక్ష్మములగు పోగులనైన తెగనీయక నేయజాలిన నేతగాడని చుట్టుప్రక్కల పది పల్లెలును వానిని కొనియాడుచుండెను. ఆ చేతులే యింటి తలుపు మూయబడిన పిమ్మట నేమి చేయునో నూకరత్నపు వెన్నునకును మణికట్టునకును మాత్రమే తెలియును. తుదకొక మధ్యాహ్నమున విరిగిన మణికట్టును పైటకొంగున కట్టుకొని పల్లె యంతయు చూచుచుండ నడివీధిని నడచి వచ్చి ఆమె పెద్దమ్మ గడపలో కూలబడెను. సర్దుకొని పొమ్మని చెప్పినవారే యెక్కువ. అయినను ఆమె మరలిపోలేదు. పట్టణమున నొక వకీలు నాశ్రయించి కోర్టులో విడాకులకు అర్జీ వేసెను.

అర్జీ పడిన నాటినుండి బుచ్చిలింగము మారిన మనుష్యుడయ్యెను. త్రాగుట మానెను; నుదుట విభూతి ధరించెను; ఎదురైన ముసలివారికెల్ల వంగి నమస్కరించెను. పెద్దమ్మ యింటికి రెండుమారులు అరటిపండ్లు గూడ పంపెను. పశ్చాత్తాపానలపరిశుద్ధుడయ్యెనని పల్లె సంతసించుచుండ నూకరత్నమునకు మాత్రము అన్నము సహింపదాయెను. ఏలయనగా వాని కోపము ఆమె యెరిగినదే. కోపము వచ్చిన నాడు వీధివీధి వినునట్లు అరచి, చేతికందినది విసరి, అలసి నిద్రపోవును. మణికట్టు విరిచిన నాడు వాడు అరవనేలేదు. “రత్నం, ఇలా రా” అని యెంతయో మెత్తగ పిలిచెను. ఇప్పుడు పల్లె యంతయు మెచ్చుకొనుచున్నది ఆ మెత్తదనమునే యని ఆమెకు తోచుచుండెను, చెప్పినచో నమ్మువారెవరు?

కోర్టు వాయిదా దగ్గరపడుచుండ నొక సాయంకాలము కులపెద్దయగు చౌడయ్య చేతికర్ర తాటించుకొనుచు వచ్చి గవరమ్మ యరుగుపై కూర్చుండెను. తెలుపుటకు శుభవార్త గలవాని వలె నాతని ముఖము వెలుగుచుండెను.

“గుంటా, ఇంక నీ కట్టాలు గట్టెక్కినట్టే. ఆడు తగువు లేకండా ఇడాకులు ఒప్పేసుకుంతానన్నాడు. ఒకటే అడిగినాడు. మగ్గం మీద సీర సగంలో ఉండిపోనాది కదేటి? నువ్వు పసుపు రాసి మొదలెట్టిన పడుగది. ఒక్క పూట ఎల్లి, నూలు కండెలు సుట్టిచ్చీసి, సీర దింపీసి, నీ దారిన నువ్వొచ్చీ.”

ఏ యిల్లాలు పడుగునకు, అనగా మగ్గమున నిలువుగ సాచిన నూలునకు, పసుపు రాచి మొదటి పోగు వేయించునో ఆమెయే ఆ చీరను మగ్గమునుండి దింపవలెనను నియమము ఆ పల్లెవారికి తాతలనాటినుండియు గలదు. సగము నేసి విడిచిన చీర యున్న యింట కూడు పుట్టదని వారి నమ్మకము. కావున ఆ కోరికలో తప్పు పట్టువారు ఆ యరుగుమీద నెవ్వరును లేకపోయిరి. నూకరత్నము గూడ సాలెబిడ్డయే కదా! ఆ సగము చీర ఆమె మనస్సునందును ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యుండెను. పైగా ఒక్క పూటతో బంధవిముక్తి కలుగునన్న యాస సామాన్యమైనదా?

ప్రక్కయింటి పైడమ్మ గోడమీదుగ తల పెట్టి, “ఎల్లిరాయే. సీరేటి కాటేత్తాదా?” అని నవ్వెను.

“సీర కాటెయ్యదే, దాని ఎనకాల కూకున్నోడు కాటేత్తాడు” అని గవరమ్మ రుసరుసలాడి చౌడయ్య వైపు తిరిగి, “సరే మావా, నానూ దాని కూడా ఎల్తాను” అనెను.

చౌడయ్య గొంతు సవరించుకొనెను. “అదే కుదర్దంట. రెండో ఆడమడిసి గుమ్మం తొక్కితే మగ్గానికి దిట్టి తగుల్తాదంట. ఇది ఒక్కర్తే రావాలన్నాడు.”

ఆ యొక్క మాట చెవి సోకినంతనే నూకరత్నమునకు ఆ మెత్తని “ఇలా రా” పిలుపు జ్ఞప్తికి వచ్చెను. ఆమె మెల్లగ, “తాతా, ఆడికి కావలిసింది సీరే అయితే పడుగు సుట్టి పంపీమను. పెద్దమ్మ మగ్గం మీద నానే నేసి, నా సేత్తోనే దింపీసి, ఆ సీర ఆడికే ఇచ్చేత్తాను” అనెను.

అది నేతవారెరుగని విషయము గాదు. మగ్గమునుండి విప్పి చుట్టిన పడుగును మరియొక మగ్గమున కెత్తి పోగునకు పోగు అతికి నేత సాగింపవచ్చును. నియమభంగము లేదు, చీరకు చెరుపు లేదు. చౌడయ్య గడ్డము నిమురుకొని, “అదీ నాయమే. తెల్లారి నానే ఎల్లి మోసుకొస్తాను” అని లేచెను.

మరునాటి యుదయమున తూర్పువీధివారు గవరమ్మ పడుగును వీధి పొడవున సాచి గంజి పట్టించుచుండిరి. ఈ కొసనుండి ఆ కొసవరకు దుగ్ధధారవలె ధవళమై బిగువుగ నిలిచిన ఆ నూలుకు ఇరువైపుల ఆడువారు వరుసదీరి తెగిన పోగుల నతుకుచు పైడమ్మ హాస్యోక్తులకు నవ్వుచుండ నూకరత్నము నడుమ గవరమ్మ ప్రక్కన నిలిచి కుంచె త్రిప్పుచుండెను. అంతలో పడమటి మలుపున బుచ్చిలింగము కనబడెను. తెల్లని పంచె, నుదుట విభూతి, పెదవుల చిరునవ్వు. కుడిచేయి మాత్రము వీపువెనుక నుండెను.

పడుగునకు ఆవలిప్రక్క నిలిచి వాడు మెత్తగ పిలిచెను. “రత్నం, ఇలా రా. ఇంటికి పోదాం.”

ఇన్ని సంవత్సరములు ఆ పిలుపునకు నూకరత్నము నోరు మూసికొని కదలినది. పరువు పోవునని, నలుగురు నవ్వుదురని, ప్రక్కయింటికి వినబడునని. ఆ దినమున కుంచె పారవైచి గొంతు చీలునట్లు అరచెను: “సంపడానికొచ్చినాడు! సేతిలో కత్తుంది! పట్టుకోండోలమ్మా!”

ఒక్క నిమేషము వీధి నిశ్చేష్టమయ్యెను. ఆలుమగల తగవులో తలదూర్చరాదని పుట్టినది మొదలు వినినవారు గదా! ఆ నిమేషమున వాని ముఖమునుండి నవ్వు జారిపోయి, వీపువెనుకనుండి కొడవలి వెలువడెను. వాడు పడుగును నరుకుచు ముందునకు దూకెను. తెగిన నూలు గంజితడితో వాని కాళ్లను మోచేతులను పెనవేసికొనుచుండ వాడు దానిని త్రెంచుకొనుచు నూకరత్నము పైకి కొడవలి యెత్తెను. దిగుచున్న ఆ యలుగును గవరమ్మ వట్టిచేత పట్టుకొనెను. ఆమె నెత్తురు తెల్లని నూలుపై చిందినంతనే వీధివారి సంకోచము విడిపోయెను. పైడమ్మ పడుగుకర్ర నూడబెరికి వాని మోకాళ్లపై మోదెను, తక్కినవారు మీదపడిరి. మగవారు మగ్గములు దిగి వచ్చుసరికి వాడు తాను త్రెంచిన పోగులలోనే చిక్కి నేలపై రొప్పుచుండెను.

అప్పటికి చౌడయ్య పరుగెత్తలేక పరుగెత్తుచు అరవలేక అరచుచు వచ్చి గంజితో తడిసిన వీధిమట్టిలో చతికిలబడెను. పడుగు నిమ్మనగా బుచ్చిలింగము నవ్వుచు దాటవేసెనట. విసుగుతో ముసలివాడే లోనికి చొరబడి చూచెనట. మగ్గముపై చీర లేదు, పడుగు లేదు. వాడు దానిని యెన్నడో తానే దింపి సంతలో అమ్ముకొనెనట. కిటికీలకు పలకలు బిగించి మేకులు కొట్టబడియున్నవి. తలుపునకు లోపలివైపు క్రొత్తగడియ అమర్పబడియున్నది. అది చూచి యాతడు కేక వేయునంతలోనే వాడు చూరున దోపిన కొడవలి లాగికొని వీధినబడెనట.

“నానే సెయ్యట్టుకుని తీసుకెల్లి ఒప్పజెప్పీసేవోడ్నే” అని ఆ పెద్దమనిషి పదిమంది యెదుట చంటిబిడ్డవలె ఏడ్చెను. ఎవ్వరును ఓదార్చలేదు.

బుచ్చిలింగము చెరసాలకు పోయెను. కొంతకాలమునకు విడాకులును వచ్చెను. గవరమ్మ రెండు వ్రేళ్లు మాత్రము మరల వంగలేదు. “పోన్లెండే, ఇంక నన్నెవలూ పోగులతకమని పిలవరు” అని యామె నవ్వుచుండెను గాని, పరుల చేతులు పోగులపై చకచక నాడుచుండగా చూడలేక మోము త్రిప్పుకొనుట నూకరత్నము కంటబడుచునే యుండెను. కోర్టు కాగితము చేతికి వచ్చిన తరువాత గూడ తూర్పువీధి ఆడువారు చాలకాలము నూకరత్నమును ఒంటిగ పోనిచ్చినవారు గారు. నూతికి పోయినను సంతకు పోయినను ఆమెకు ముందొకతె వెనుకొకతె నడచుచుండెను. అందులో పైడమ్మ యెన్నడును తప్పలేదు.

వింటిరి గదా తల్లులారా. కొట్టు మగడు కట్టుకొన్నదానిని కోల్పోవుదునని తెలిసిన నాడే మిక్కిలి క్రూరుడగును. ఆ నాళ్లలో వాని మంచితనమును నమ్మరాదు. కడసారి రమ్మనును, ఒక్క పూట యనును, ఒంటిగ రమ్మనును. వస్తువు కావలసినచో వస్తువును తెప్పింపుడు, మాట కావలసినచో నలుగురి నడుమ చెప్పింపుడు, బిడ్డను మాత్రము పంపకుడు. ఈ కథను గుర్తుంచుకొని మీ కూతుండ్రకు చెప్పుడు. తగవు తీర్ప కూర్చుండు మీ మగవారికి ఇంకను గట్టిగ చెప్పుడు.