చందమామను తాకితే వెలిగే కార్డు

ఎవరి పుట్టినరోజు ఎప్పుడు రావాలో మన చేతిలో ఉండదు గానీ, ఉంటే మాత్రం ఆదాము తన కూతురు అక్సా పుట్టినరోజును ఆగస్టు రెండు నుంచి ఇంకెక్కడికైనా జరిపేసేవాడే. ఆ వారమంతా నక్సలైట్ అన్నల అమరవీరుల వారోత్సవాలు. చనిపోయిన తమవాళ్ళ పేరిట అన్నలు అడవిలో స్తూపాలు కడతారు, పోలీసులు రోడ్ల మీద బస్సులాపి సంచులు విప్పుతారు. భద్రాచలం నుంచి పాల్వంచ పోయే దారిలో ఆ వారం రోజులూ తుమ్మినా అనుమానమే. ఈ సంగతి ఆదాముకు తెలియదా అంటే, తెలుసు. తెలిసీ తీగలూ సెల్లులూ ఉన్న సరుకును సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. బిడ్డ మీద ప్రేమ మనిషి కళ్ళకు గంతలు కడుతుంది, ఏం చేస్తాం.

ఆదాముకు భద్రాచలంలో బ్రిడ్జి దగ్గర టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం. భార్య లిదియా పోయి మూడేళ్ళు. ఒంటి చేత్తో పిల్లను సాకలేక, పాస్టరు గారితో ఉత్తరం రాయించుకుని పాల్వంచలో ఒక మిషన్ హాస్టల్లో చేర్చాడు. నిరుడు పిల్ల పుట్టినరోజుకు పోలేదు. ఎవరిదో టీవీ విప్పుకుని కూర్చుని, ఇదొక్కటి అయిపోనీ, ఇదొక్కటి అయిపోనీ అంటూ పొద్దు గుంకించాడు. ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు అక్సా దాన్ని తవ్వి తీసింది.

"ఈసారి గూడ రాకపోతె నాకు నాన్న లేడనుకుంట," అంది.

ఒట్టు పెట్టమంది. ఒట్టు పెట్టుకోవద్దని బైబిలు వాక్యంలో ఉంది కదా బిడ్డా అని తప్పించుకోబోయాడు. అయితే ప్రార్థన చెయ్యమంది. "ప్రభువా, ఆగస్టు రెండున నేను తప్పక పోయేటట్టు చూడు" అని గట్టిగా, తన చెవిన పడేట్టు చేయించుకుని గానీ వదల్లేదు. వట్టి గడుగ్గాయి. తల్లి పోలికే.

ఆ ప్రార్థన చేసిన రోజే కార్డు సంగతి ఆదాము బుర్రలో పడింది. అక్సాకు చుక్కలన్నా గ్రహాలన్నా పిచ్చి. చందమామ మీద కరెంటు ఉంటదా నాన్నా అని అడిగే రకం. పది రోజులు కూర్చుని చేశాడు. నల్ల చార్టు కాగితం, మడత విప్పితే రెండడుగుల పైనే పొడుగు. ఎడమ చివర భూమి, కుడి చివర చందమామ, రెండూ చాక్లెట్ రేకుతో అతికించాడు. మధ్యనున్న ఆకాశంలో పది సూది బెజ్జాలు, వాటి వెనక పది బుల్లి బల్బులు, ఏడాదికొకటి. శనిగ్రహం చుట్టూ వలయానికి పాత శుభలేఖ మీది బంగారు గీత కత్తిరించాడు. వెనకవైపు గుండీ సెల్లులు మూడు, గోరంత ట్రాన్సిస్టర్లు రెండు, వెంట్రుకంత రాగి తీగలు.

కిటుకు ఎక్కడుందంటే, దానికి స్విచ్చి లేదు. ఒకరు భూమి మీద వేలు పెట్టాలి, ఇంకొకరు చందమామ మీద పెట్టాలి, మిగిలిన చేతులు ఇద్దరూ పట్టుకోవాలి. అప్పుడు ఒంట్లోంచి ఒంట్లోకి ఇసుమంత కరెంటు పారి పది చుక్కలూ వెలుగుతాయి. ఒక్కరే రెండు చేతులూ చాపినా వెలుగుతుందనుకోండి. కానీ ఆదాము అందుకు చెయ్యలేదు.

అక్కడితో ఆపినా బాగుండేది. మూలన ఒక రాకెట్టు వేసి, దాని పక్కన ఎర్ర స్కెచ్‌పెన్నుతో పది, తొమ్మిది, ఎనిమిది అంటూ సున్నా దాకా రాశాడు. కింద బాణం గుర్తు పెట్టి, "సున్నా రాగానే ఇక్కడ తాకు" అని కూడా రాశాడు. భద్రాచలం అడవి రోడ్డు మీద, ఆ వారంలో, ఆ రాతలు. వేరే ఊళ్ళో అయితే ముచ్చటపడి మెచ్చుకునేవాళ్ళు.

పదకొండు గంటల బస్సు ఎక్కాడు. రెండు సీట్ల ముందు సీతారావమ్మ కూర్చుని ఉంది. అక్సాతో పాటు హాస్టల్లో ఉండే లిఖిత వాళ్ళమ్మ. "అక్సా పుట్టినరోజుకేనా?" అని నవ్వుతూ పలకరించింది. అవునన్నాడు. హాస్టల్లో సాయంత్రం ఆరుదాకా చూడనిస్తారు, ఇంకా ఏడు గంటల టైముంది, మారాజులా పోవచ్చు అనుకున్నాడు.

అడవి మధ్య చెక్‌పోస్టులో బస్సు ఆగింది. దేవ్లా అనే కానిస్టేబులు ఎక్కి ఒక్కొక్క సంచీ చూసుకుంటూ వచ్చి, ఆదాము సంచిలోంచి కార్డు తీశాడు. విప్పాడు. తీగ కనిపించింది. గిరుక్కున కిందికి దిగి ఎస్సై ముందు పెట్టాడు. ఆదామును కూడా దింపారు.

"ఏందిది?"

"బర్త్‌డే కార్డు సార్. మా బిడ్డకు."

ఎస్సై పైకి చదివాడు. పది, తొమ్మిది, ఎనిమిది. ఏడు దగ్గర గొంతు తగ్గింది. ఆరు దగ్గర పూర్తిగా ఆగింది. కార్డును మెల్లగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"సున్నా అయినంక తాకితె ఏమైతది?"

"లైట్లు వెలుగుతయ్ సార్. తాకి సూపిస్త."

"ముట్టినవంటె కాల్చి పారేస్త."

బస్సు కిటికీలన్నిట్లోంచీ తలకాయలే. సీతారావమ్మ మాత్రం మొహం అటు తిప్పుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

రోడ్డు పక్కనే రేకుల షెడ్డు. ఆదాము ఎడమచేతికి బేడీ వేసి, రెండో కొస కిటికీ ఊచకు తగిలించారు. కార్డును దేవ్లా వెదురుకర్ర మీద మోసుకుపోయి యాభై అడుగుల దూరంలో ఇసుక బస్తాల మధ్య పెట్టి, చినుకులు పడుతున్నాయని బకెటు బోర్లించాడు. ఖమ్మానికి ఫోను పోయింది. బాంబు స్క్వాడు రెండు గంటల్లో వస్తుందట.

రెండు గంటలన్నది నాలుగైంది. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఈదడానికి నాలుగు కాళ్ళు ఆడతాయి. ఆదాముకు ఒక చెయ్యే ఆడుతోంది. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది, అదొక నరకం. పన్నెండున్నర పాల్వంచ బస్సు పోయింది. రెండింటిది పోయింది. మూడుంబావుది కూడా, సగం ఖాళీగా, పోయింది. ఒంటికి పోవాలంటే స్క్వాడు రానీ అన్నారు. నీళ్ళడిగితే ఇచ్చారు, అది మరీ అన్యాయం.

నాలుగున్నరకు ఫోను మోగింది. ఎస్సై విని పెట్టేసి, "వాళ్ళకు ఇంకోదిక్కు పని వడ్డదట. రేప్పొద్దుగాల వస్తరట," అన్నాడు.

ఆదాముకు అప్పటిదాకా ఉన్న ఓపిక కాస్తా పుటుక్కున తెగింది.

"సార్, మీ కాళ్ళు మొక్కుత. నేనే ముట్టుకుంట. పేలితె నేనే పోత గద."

"నువ్వు పోతె నా నౌకరీ పోతది."

"ఆరు గంటలకు గేటు మూస్తరు సార్. నిరుడు గూడ పోలేదు. ఇయ్యాల పోకపోతె మా బిడ్డ నా మొకం సూడదు." అంటూ ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి ఏడ్చాడు. ఏడుపు ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

అప్పుడు దేవ్లా గొంతు సవరించుకున్నాడు. "సార్, నేను ఐటీఐల ఎలక్ట్రీషియన్ చదివిన. దాని ఎనక సూసిన. సెల్లు, బల్బు, తీగ, గంతే. పేలెటందుకు అండ్ల మందు లేదు."

"ఎప్పుడు చూసినవ్?"

"బకెటు బోర్లిచ్చెటప్పుడు సార్."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"మీరు అడగలె సార్."

ఎస్సై అతన్ని ఎగాదిగా చూశాడు. దేవ్లా మాత్రం ఏం చేస్తాడు, పైవాడు బాంబు అన్నాక కిందివాడు కాదంటాడా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"అయితె నువ్వే వెలిగిచ్చి చూపియ్," అని ఆదాముకు చెప్పి ఎస్సై జీపు వెనక్కి వెళ్ళాడు. బేడీ మాత్రం తియ్యనివ్వలేదు. మిగతా ముగ్గురు కానిస్టేబుళ్ళు జీపు వెనక ఎస్సైకీ వెనక నిలబడ్డారు.

దేవ్లా కార్డు తెచ్చి కిటికీ గూట్లో విప్పి పట్టుకున్నాడు. ఆదాము ఖాళీ చేతి వేలు భూమి మీద పెట్టాడు. చందమామ అంత దూరాన ఉంది. బేడీ చెయ్యి ఊచను వదిలి రాదు.

"అన్నా, నువ్వు చందమామను ముట్టాలె. ఇంకో చేత్తోటి నా చెయ్యి పట్టుకోవాలె."

"మందు లేదు గద?" అన్నాడు దేవ్లా, ఎస్సైకి తనే చెప్పిన మాటను మళ్ళీ అడుగుతూ.

"మా బిడ్డకు చేసిన. అండ్ల మందు పెడతనా?"

దేవ్లా కార్డును గూట్లో ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, బేడీ ఉన్న చేతిని పట్టుకున్నాడు. అరచెయ్యి చెమటతో తడిసి ముద్దయి ఉంది. చెమట చేతిలో కరెంటు ఇంకా బాగా పారుతుంది. వేలు చందమామకు తగిలీ తగలగానే పది చుక్కలూ ఒక్కసారి వెలిగాయి. కళ్ళు తెరిచి చూసి దేవ్లా చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అంతటితో వదిలారా? జీపు వెనకనుంచి ఎస్సై వచ్చి, "ఏదీ, ఇంకోపాలి," అన్నాడు. ఇంకోపాలి వెలిగించారు. తర్వాత ఎస్సై తాకాడు. నలుగురు కానిస్టేబుళ్ళూ చేతులు పట్టుకుని వరుసగా నిలబడితే కూడా వెలుగుతుందా అన్నారు. వెలిగింది. భయపడి నాలుగున్నర దాకా కట్టేశారు, ముచ్చటపడి ఇంకో గంట కట్టేశారు. బేడీ తాళంచెవి ఎస్సై జేబులోనే ఉంది, ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. "సెల్లులు అయిపోతయ్ సార్," అని ఆదాము అన్నది కూడా ఎవరూ వినలేదు. ఆ నవ్వుల మధ్య ఐదుంబావు బస్సు పోయింది.

బేడీ తీసేసరికి ఆరుకు పదినిమిషాలు. పాల్వంచ ఇంకా అరగంట పైనే దారి.

ఎస్సై చెడ్డవాడేం కాదు. గడియారం చూసి అతనికీ సిగ్గేసింది. "ఫోన్ చేస్కో," అని బల్ల మీది ఫోను జరిపాడు.

హాస్టల్ వార్డెన్ ఫ్లోరెన్స్ ఎత్తింది. పిల్లను పిలిచి, పక్కనే నిలబడింది. హాస్టల్ ఫోను దగ్గర ఆమె ఎప్పుడూ పక్కనే నిలబడి వింటుంది.

"నాన్నా, లిఖిత వాళ్ళమ్మ చెప్పింది. నిన్ను బస్సుల నుంచి పోలీసోళ్ళు దింపిండ్రట. నిజమేనా?"

ఆ గొంతులో భయం లేదు, ఆశ ఉంది. అది నిజమైతే నాన్న బయలుదేరినట్టే కదా, మరిచిపోనట్టే కదా. అవును బిడ్డా అనే మాట ఆదాము నాలుక చివరిదాకా వచ్చింది.

వచ్చి ఆగింది. అదే హాస్టల్లో బాలి అని ఒక పిల్ల ఉండేది. అన్నలకు అన్నం పెట్టాడని ఆ పిల్ల తండ్రిని పోలీసులు తీసుకుపోయి రెండో రోజే వదిలేశారు. తీసుకుపోయిన సంగతి అందరికీ తెలిసింది, వదిలేసిన సంగతి ఎవరికీ పట్టలేదు. పిల్లలు బాలి పక్కన పళ్ళెం పెట్టుకోవడం మానేశారు. నెల తిరక్కుండా బాలి ట్రంకుపెట్టె సర్దుకుంది. ఈ కథ ఆదాముకు చెప్పింది అక్సానే.

"కాదు బిడ్డా," అన్నాడు. "ఆమె ఎవర్నో చూసి నేననుకున్నది." పలకరించి మరీ పోయిన మనిషి మాట ముందు ఈ అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుందో గానీ, అతనికి వేరే దారి తోచలేదు.

"మరి నువ్వు ఏ బస్సెక్కినవ్?"

"ఎక్కలే."

"ఎక్కనే లేదా?"

"దుకాణంల పని వడ్డది. రేపొస్త."

అటువైపు ఫోను చెయ్యి మారిన చప్పుడైంది. తర్వాత ఫ్లోరెన్స్ గొంతు వచ్చింది. "ఆదాము గారూ, పిల్ల పొద్దుట్నుంచి కొత్త గౌను ఇప్పకుండ గేటుకాడ కూసున్నది. ఇది మంచిపని కాదు."

"అవ్ మేడం. తప్పయింది," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఎస్సై అదంతా విన్నాడు. "గట్లెందుకు చెప్పినవయ్యా? మళ్ళ కలుపు, నేను మాట్లాడుత. మాదే పొరపాటని చెప్త."

"వద్దు సార్. మీరు మాట్లాడితె గా మచ్చ ఇంక పోదు. రాని నాన్నయితె నాలుగు రోజులు ఏడుస్తది. పోలీసోళ్ళు పట్టుకున్న నాన్నయితె ఆడ దాన్ని బతకనియ్యరు."

ఎస్సై ఫోనును మళ్ళీ తనవైపు జరుపుకున్నాడు. దేవ్లా కార్డును జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టిచ్చాడు. ఆదాము రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. ముందు పాల్వంచ బస్సే వచ్చింది. కండక్టరు తలుపు తీసి, ఎక్కు ఎక్కు జల్దీ అన్నాడు. దుకాణంలో పని పడ్డ మనిషి పాల్వంచ బస్సులో ఎవరికైనా కనిపిస్తే ఎలా? ఆదాము తల అడ్డంగా ఊపి, రోడ్డు దాటి, భద్రాచలం పోయే బస్సు కోసం అవతలి వైపు నిలబడ్డాడు.