పుర్రచేతి మడత

చినిగిన డబ్బాను మడతయ్య పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. మూలలోంచి స్పాంజి తునకలు రాలుతున్నాయి. చిరునామా కాగితం తన వైపు నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు. అది తలకిందులుగా ఉంటే ఆయనకు చేయి ఆడదు. ఎడమ అరచేత్తో చిరుగును అదిమిపట్టి, కుడిచేత్తో టేపును ఎడమ నుంచి కుడికి బర్రున లాగాడు. కత్తిరించాక కొసను గోరంత లోపలికి మడిచి, బొటనవేలితో నొక్కాడు. విప్పేవాళ్ళు గోళ్ళు అరగదీసుకోనక్కర్లేదు. ఆ మడత పట్టుకుని లాగితే టేపంతా ఊడివస్తుంది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఆ అలవాటు వల్లే డిపోలో ఆయన అసలు పేరు పోయి మడతయ్య మిగిలింది. దెబ్బతిన్న పార్సిళ్ళన్నీ ఆయన మూలకే వస్తాయి కాబట్టి ఆ మూలకు ఆసుపత్రి అని పేరు. "డాక్టరుగారూ, ఇంకో కేసు!" అంటూ హమాలీలు డబ్బాలు దించిపోతుంటారు. ఈ రోజు ఎవరూ ఆ మాట అనలేదు. డబ్బా పెట్టేసి, ఆయన ముఖం చూడకుండా పోతున్నారు.

కౌంటరు దగ్గర ఫోటో స్టూడియో యజమాని గొంతు షెడ్డంతా వినిపిస్తోంది. "మరమ్మతుకు పంపిన లెన్సు తిరిగొచ్చిందని డబ్బా విప్పితే లోపల గుండ్రాయి! ఈ రాయి పెట్టుకుని పెళ్ళి ఫోటోలు తియ్యమంటారా? తీస్తా. ముందు మీ మేనేజరుకే తీస్తా, నెత్తికి గురిచూసి!"

మామూలు రోజైతే అందరూ నవ్వేవాళ్ళు. మేనేజరు గదిలో ఇన్సూరెన్సు కంపెనీ మనిషి కూర్చుని ఉంది. అందుకని ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరినే పిలిచి అడుగుతోంది. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి వచ్చేటప్పుడు ఆసుపత్రి వైపు ఓ చూపు చూసి తల తిప్పుకుంటున్నారు. మడతయ్యకు మెడ వెనక చెమట పట్టింది. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. కానీ చెయ్యనివాడికే ఎక్కువ చెమట పడుతుంది. చేసినవాడికి ఏం చెప్పాలో ముందే తెలిసి ఉంటుంది.

పిలుపు వచ్చింది.

"కూర్చోండి," అంది ఆమె. ఆ గదిలో ఆయనను కూర్చోమన్నవాళ్ళు ఇంతకు ముందు లేరు. కుర్చీ అంచున సగమే ఆనుకున్నాడు. బల్ల మీద లెన్సు డబ్బా ఉంది. స్టూడియో ఆయన టేపు జోలికి పోకుండా అడుగువైపు కోసి విప్పుకున్నట్టున్నాడు. పైన వేసిన టేపు చెక్కుచెదరకుండా ఉంది.

"ఈ పార్సిల్ చినిగిందని మీ బల్ల దగ్గరికి రాలేదట. కానీ టేపు మీ డిపోదే. చూడండి, కొస మడిచి ఉంది. ఇలా మడిచేది మీరొక్కరేనట కదా?"

"ఇంకెవడు మడుస్తాడమ్మా?" అన్నాడు మేనేజరు. "మావాళ్ళు టేపు తిన్నగా అతికిస్తే అదే పదివేలు. ఏమయ్యా, పలకవేం? నోట్లో బెల్లంముక్క ఉందా?"

మడతయ్య డబ్బాను తన వైపు తిప్పుకున్నాడు, చిరునామా నిటారుగా వచ్చేలా. బొటనవేలితో తడిమాడు. మడత ఎడమ చివర ఉంది.

తన మడత ఎప్పుడూ కుడి చివరే పడుతుంది. ఇది కుడి నుంచి ఎడమకు లాగిన టేపు. పుర్రచేతివాడు లాగింది. ఈ డిపోలో ఆ మడత నేర్చుకున్న పుర్రచేతివాడు ఒక్కడే ఉన్నాడు. వాడికి నేర్పింది తనే.

"ఏమైంది?" అంది ఆమె.

"ఏం లేదమ్మా. చూస్తున్నా."

"నేను తేల్చాల్సింది ఒక్కటే. దీన్ని విప్పింది దారిలోనా, ఇక్కడా. ఇక్కడే అని తేలితే స్టూడియో ఆయన క్లెయిము ఈ రోజే పాస్ చేస్తాను. తేలకపోతే ఫైలు పోలీసులకు వెళ్తుంది. వాళ్ళు అందరి ఇళ్ళూ సోదా చేస్తారు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, ఆలోచించుకోండి."

"తీసినవాడు తానే ఒప్పుకుంటే పని మానిపించి ఊరుకుంటాం," అన్నాడు మేనేజరు. "పోలీసులే తేలిస్తే మాత్రం నేను అడ్డం రాను."

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది.

"తమ్ముడు తిన్నాడా?"

"వ్యాను ఇంకా రాలేదు."

"రాగానే దగ్గర కూచోబెట్టి తినిపించండి. పొద్దున సరిగా తిన్లేదు వాడు. ఏదో దిగులుగా ఉన్నాడు."

"నేనూ తిన్లేదు."

"మీకేంలెండి, రాళ్ళు తిన్నా అరిగించుకుంటారు," అని నవ్వి పెట్టేసింది.

ఆ నవ్వులో తప్పేం లేదు. అత్తగారు పోయిన రోజున ఆమె ఈ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చింది. తర్వాత ఆమెకు పిల్లలు పుట్టలేదు. కంచంలో మంచి ముక్క ఎటు పోవాలో ఆ ఇంట్లో అప్పుడే తేలిపోయింది. మడతయ్య ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. పెద్దయ్యాక వాణ్ణి తెచ్చి తన బల్ల పక్కన నిలబెట్టి పని నేర్పాడు. మేనేజరు కాళ్ళావేళ్ళా పడి వ్యాను ఇప్పించాడు. ఇంట్లో ఇప్పటికీ వాడు చిన్నోడే.

వ్యాను వచ్చి ఆగింది. మడతయ్య డ్రైవరు తలుపు పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఎక్కడ పెట్టావురా?"

"ఏంటి బావా?"

"లెన్సు."

చిన్నోడు ఇంజిను ఆపలేదు. "ఎవడు చెప్పాడు?"

"నీ పుర్రచెయ్యి చెప్పింది. మడత ఎడమవైపుంది."

చిన్నోడు తన చేతిని పరాయివాడి చెయ్యిలా చూసుకున్నాడు. "మడిచానా? చూసుకోలేదు బావా. చెయ్యి దానంతటదే..."

"దొంగతనం చేసేటప్పుడైనా మర్చిపోవచ్చు కదరా! నేను చెప్పినవన్నీ గాలికి పోయినై, అదొక్కటే గుర్తుందా నీకు?"

"అరవకు. అందరూ చూస్తున్నారు."

"తిరిగి తెచ్చివ్వు."

"అమ్మేశా. కొన్నవాడు ఫోనెత్తట్లేదు." ఒక్కసారిగా గొంతు పెంచాడు. "నువ్వు ఇన్నేళ్ళు బుద్ధిగా నొక్కి నొక్కి ఏం సంపాదించావు బావా? మడతయ్య అని ఒక పేరు. అది కూడా నవ్వుకోడానికి పెట్టింది."

మడతయ్య వ్యాను తలుపు మీది దుమ్మును బొటనవేలితో తుడిచాడు. వాడన్నది అబద్ధం కాదు.

చిన్నోడు ఇంజిను కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో వాడి గొంతు చంకనెక్కి వచ్చిన నాటి గొంతులా సన్నగా మారింది. "పోలీసులొస్తారా బావా? ఏమైనా చెయ్యి. అక్కకి మాత్రం చెప్పకు."

"అదీ నేనే చెయ్యాలా?"

మూలకు తిరిగి వచ్చి కూర్చున్నాడు. నిజం చెబితే ఇంట్లో ఉండలేడు. నోరు మూసుకుంటే పోలీసులు వచ్చి భార్య బీరువా తెరిచి చీరల కింద చేతులు పెడతారు. ఆమె ఒక్క మాటా అనదు. ఆ పైన ఎప్పటికీ అనదు, దేనిగురించీ.

మూడో దారి ఒకటుంది. దానికి అడ్డం తన చెయ్యే.

ఖాళీ డబ్బా ఒకటి తీసి ముందు పెట్టుకున్నాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. టేపును ఎడమచేత్తో పట్టుకుని కుడి నుంచి ఎడమకు లాగాడు. అది ముడతలు పడి వేళ్ళకే చుట్టుకుంది. పీకి, ఉండచుట్టి పారేసి మళ్ళీ లాగాడు. కొస మడవబోతే ఎడమ బొటనవేలు ఎక్కడ నొక్కాలో తెలియక తడబడింది. ఒక జీవితమంతా ఊరికే కూర్చున్న వేలు అది. బల్ల కింద టేపు ఉండలు పోగయ్యాయి. నడుము పట్టేసింది. అవతల స్టూడియో ఆయన అరిచి అరిచి అలిసిపోయి, రాయిని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నవ్వొచ్చేలానే ఉన్నాడు గానీ, కళ్ళు మాత్రం కొట్టు మూసేసుకున్నవాడి కళ్ళలా ఉన్నాయి.

సాయంత్రం తనే గదిలోకి వెళ్ళాడు. ఈసారి కూర్చోలేదు.

"అది నా మడతేనమ్మా."

మేనేజరు నోరు తెరిచాడు. అడిగింది తనే అయినా, ఆ జవాబు వస్తుందని అనుకున్నట్టు లేదు.

"లెన్సు ఏది?" అంది ఆమె.

"లేదు. పోయింది."

"ఎందుకు తీశారు?"

"బుద్ధి గడ్డి తింది."

ఆమె లెన్సు డబ్బాను మళ్ళీ తిప్పి చూసింది. పక్కనున్న ఖాళీ డబ్బాను, టేపు చుట్టను ముందుకు తోసింది. "ఒక్కసారి నా ఎదురుగా అతికించి చూపించండి."

మడతయ్య టేపు చుట్టను ఎడమచేతిలోకి తీసుకున్నాడు. కుడి నుంచి ఎడమకు లాగాడు. టేపు కొంచెం వంకరపోయింది కానీ చుట్టుకోలేదు. కత్తిరించాడు. ఎడమ బొటనవేలితో కొస మడిచి నొక్కాడు. వేలు వణికింది. మడత నిలిచింది.

"భయానికి చెయ్యి వణుకుతోంది, చూడండి," అన్నాడు మేనేజరు. "ముసలితనంలో ఏం పొయ్యేకాలమయ్యా నీకు?"

ఆమె రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టింది. మడతయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చదివాడు. డబ్బా డిపోలోనే విప్పినట్టూ, విప్పింది తనేనన్నట్టూ ఉంది. ఇంకెవరి ప్రస్తావనా లేదు. పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

పెట్టాక చూసుకున్నాడు. పెన్ను కుడిచేతిలో ఉంది.

ఆమె చూపు ఆ చేతి మీదే ఉంది. నల్లగా బండబారిన బొటనవేలు, ఏళ్ళ తరబడి నొక్కి నొక్కి పక్కకు వంగిపోయిన గోరు. మేనేజరు టీ కోసం బయటికి కేకేస్తున్నాడు. మడతయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే ఎదుటి మనిషి ముఖం సగమే కనిపిస్తుంది. ఇప్పుడు సగం చాలనిపించింది.

"ఇక స్టూడియో ఆయన క్లెయిము వస్తుందా అమ్మా?"

"వస్తుంది," అంది ఆమె నెమ్మదిగా. "ఈ రోజే పంపిస్తాను." కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. "మీరు వెళ్ళండి."

షెడ్డులోంచి నడిచాడు. హమాలీలు దారి ఇచ్చారు. చిన్నోడు వ్యాను తలుపు తెరిచి, "ఎక్కు బావా, ఇంటి దగ్గర దింపుతా," అన్నాడు. మడతయ్య వినబడనట్టే గేటు దాటి, వెలుతురు తగ్గుతున్న రోడ్డు మీద కలిసిపోయాడు. మర్నాడు గానీ, ఆ తర్వాత గానీ ఆ డిపోలో ఆయన మళ్ళీ కనిపించలేదు.

ఆ సాయంత్రం ఆయన వెళ్ళాక, గదిలో ఆమె ఫైలు కట్టబోయి ఆగింది. సంతకం పక్కన ఆయన కళ్ళజోడు ఉండిపోయింది. ఒక కాడకు తెల్లదారం చుట్టి ఉంది, ఒక అద్దం మీద జిగురంటిన వేలిముద్ర ఇంకా తడిగా మెరుస్తోంది.