రెండంతస్తుల మధ్య స్టాపు

మా బుడంకాయ పుట్టిన కొన్నాళ్ళకే మా వీధి కుక్కలు మొరగడం మానేశాయి. మొరిగినా వినపడదని వాటికే తెలిసిపోయింది. పిల్ల గొంతు విప్పితే మా గది పైకప్పు నుంచి సున్నం పెచ్చులు రాలి కంచంలో పడేవి. ఎదుటి మేడ మీద నీళ్ళ ట్యాంకు మూత ఎగిరెగిరి పడేది. నమ్మకపోతే వెళ్ళి చూసుకోండి, ఆ మూత ఇప్పటికీ సొట్టపోయే ఉంది.

పిల్ల తప్పేం లేదు. తప్పంతా వాళ్ళమ్మ ఉద్యోగానిది. మా ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. నెలలు నిండేదాకా డ్యూటీ మానలేదు. పిల్ల కడుపులో ఉన్నంతకాలం గుంతల రోడ్డు మీదే పెరిగింది. బ్రేకు వేస్తే ఒక తన్ను, గేరు మారిస్తే ఒక తన్ను. అలాంటి పిల్లని తెచ్చి కదలని మంచం మీద పడుకోబెడితే ఏమనుకుంటుంది? బండి ఆగిపోయింది, అడిగే నాథుడు లేడు అనుకుంటుంది. అందుకే ఆ ఏడుపు.

ఉయ్యాల కట్టాం. ఉయ్యాల పక్కలకి ఊగుతుంది, బస్సు గుంతలో పడి పైకి లేస్తుంది. ఆ తేడా పిల్లకి మొదటి ఊపులోనే తెలిసిపోయింది. భుజాన వేసుకుని గదిలో తిరిగాం. గదంటే ఎంత? మంచం, బీరువా, స్టవ్వు, వాటి మధ్య ఒక మనిషి పట్టే దారి. ఒకరు నడుస్తుంటే రెండోవాళ్ళు కాళ్ళు ముడుచుకుని మంచం మీద కూర్చోవాలి. తిరిగి తిరిగి నేలలో గాడి పడింది. బిందె ఒలికితే నీళ్ళు ఆ గాడిలోంచే గుమ్మం దాకా పారేవి.

పోనీ బస్సే ఎక్కిద్దామంటే, పసికందుని అప్పుడే జనంలోకి తీసుకెళ్ళొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. మా అత్త వస్తుందనుకుంటే, మనవరాలు పుట్టిందన్న సంబరంలో మెట్టు తప్పి కాలు విరగ్గొట్టుకుంది. నాకు అమ్మ లేదు. ఇక మిగిలింది మేం ముగ్గురం. కిటికీ తీస్తే ఎదుటి మేడ గోడ. తలుపు తీస్తే వరండా, వరండా చివర లిఫ్టు.

నేను లిఫ్టు మెకానిక్కుని. చదువు అబ్బలేదు, అంకెలు మాత్రం అంతస్తులు ఎన్నుంటాయో అంతవరకు వచ్చు. మా మేడ లిఫ్టు పాతకాలంది. కటకటాల తలుపు చేత్తో లాగి వేసుకోవాలి. ఓసారి పిల్లకి టీకా వేయించుకొచ్చి ఎక్కామా, మా అంతస్తు చేరేలోగా గుర్రు పెట్టి నిద్రపోయింది. దిగగానే లేచింది. మళ్ళీ ఎక్కాం, మళ్ళీ పడుకుంది. నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, దొంగలకి తాళంచెవి దొరికినట్టు.

అప్పట్నించి లిఫ్టే కాపురం. వంతులేసుకుని కిందకీ మీదకీ తిరిగేవాళ్ళం. వంతు మారేటప్పుడు మా అంతస్తులో ఆపి, తలుపు సందులోంచే పిల్లని అందుకునేవాళ్ళం. పాలు తాగింది, తేన్పు రాలేదు అని ఒకరు. అన్నం మూత కింద ఉంది అని ఒకరు. మొగుడూ పెళ్ళాల మాటలు అంతకు మించి లేవు. ఒకే రూట్లో ఎదురెదురు బస్సుల్లా అయిపోయాం, ఎదురొచ్చినప్పుడు చెయ్యి ఊపుకోవడమే అంది మా ఆవిడ ఓసారి. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత నా సెలవు అయిపోయింది. పగలంతా ఆవిడొక్కతే. పనిలోంచి వచ్చి నేను పిల్లని ఎత్తుకున్నా ఆవిడకి నిద్ర పట్టేది కాదు. కళ్ళు మూసుకుంటే చెవులు తెరుచుకునేవి. లిఫ్టు ఏ అంతస్తులో ఉందో మంచం మీంచే చెప్పేది. ఓ పొద్దున టీ గ్లాసు బూట్లో పెట్టి, బూటు స్టవ్వు మీద పెట్టింది. బూటు బాగానే కాగింది. ఇద్దరం అది చూస్తూ నిలబడ్డాం.

చివరికి మేడ సెక్రటరీ గారు వచ్చారు. మంచాయనే. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోతున్నానని, అందరూ తననే అడుగుతున్నారని, ఇక పిల్లని లిఫ్టులో తిప్పడం కుదరదని తల దించుకుని చెప్పి వెళ్ళిపోయారు. మా ఆవిడ సరేనంది.

ఆ మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పిల్ల మంచం మధ్యలో, చుట్టూ దిళ్ళు, ఏడ్చి ఏడ్చి ఎర్రమందారంలా ఉంది. మా ఆవిడ ఖాకీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, బూట్లు తొడుక్కుని నిలబడి ఉంది. భుజాన టికెట్ల సంచి.

"పిల్ల ఇప్పుడే పాలు తాగింది," అంది. "నేను దిగిపోతున్నా."

"డ్యూటీ ఇంకా ఎక్కలేదుగా నువ్వు?"

"డ్యూటీకి కాదు. ఏ స్టాపైనా సరే. దిగిపోతే చాలు."

మా ఆవిడ అరిస్తే నాకు భయం లేదు. బస్సెడు జనాన్ని లోపలికి నెట్టే గొంతు అది. ఆవేళ నెమ్మదిగా మాట్లాడింది. అందుకే నాకు భయం వేసింది. ఈ గడప దాటితే మళ్ళీ రాదని అర్థమైపోయింది.

వరండాలోంచి చకచకా నడిచింది. నేను పిల్లని ఎత్తుకుని వెనకే పరుగెత్తాను. ఆవిడ కటకటాలు లాగుతుండగా పక్కకి తిరిగి సందులోంచి దూరాను. ఆవిడ నావంక చూడలేదు. తలుపు దభీమని వేసి, కిందకి నొక్కింది.

లిఫ్టు ఒక అంతస్తు కూడా దిగలేదు. గట్టిగా కుదిపి ఆగింది.

చూశాను. ఆవిడ భుజం మీంచి జారిన సంచి పట్టీ తలుపులో ఇరుక్కుని, కదిలిన కుదుపుకి తలుపు వేలెడు వెనక్కి జరిగింది. తలుపు పూర్తిగా పడకపోతే ఆ లిఫ్టు కదలదు. పట్టీ లాగేసి తలుపు సరిగా వేస్తే చాలు, చంటిపిల్లాడైనా చేస్తాడు ఆ రిపేరు.

నేను జరిగి, పట్టీకి వీపు ఆనించి నిలబడ్డాను.

"బాగుచెయ్యి," అంది.

"మేస్త్రీ రావాలి. పెద్ద రిపేరు."

ఆవిడ నన్ను చూసింది. నా భుజం పక్కన వేలాడుతున్న సంచిని చూసింది. మూల గోడకి జారి కింద కూర్చుంది.

"వచ్చాక లేపు," అని కళ్ళు మూసుకుంది.

ఎదురుగా సిమెంటు గోడ. పైన జానెడు సందులోంచి మా అంతస్తు నేల. మచ్చలు పడిన అద్దం, తలకి తగిలేంత దగ్గర్లో దీపం, తిరగని పంకా. నేను అటు ఒక అడుగు వేస్తే ఆవిడ బూట్లు, ఇటు ఒక అడుగు వేస్తే గోడ. మా గదే నయమనిపించింది, దానికి కనీసం కిటికీ ఉంది.

లిఫ్టు కదలగానే కళ్ళు మూసిన పిల్ల, బండి ఆగిందని విప్పింది. నోరు కూడా విప్పబోయింది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చాను. పాత లిఫ్టు కదా, తాడు మీద వేలాడుతోంది. చిన్నగా కిందకి దిగి లేచింది. ఇంకోసారి మార్చాను. గుంత, గతుకు, గుంత. పిల్ల ఆవలించి పడుకుంది. ఇక ఆపితే చచ్చానన్నమాటే.

మా ఆవిడ నిద్రలో, లోపలికి జరగండి, ఫుట్‌బోర్డు మీద ఎవరూ, అని సగం అని ఆపేసింది. తర్వాత ఊపిరి పొడుగు సాగింది. పెళ్ళైన కొత్తలో విన్నానా ఊపిరి.

పై సందులోకి చెప్పులు వచ్చాయి. సెక్రటరీ గారివి. ఏమైందని అడిగారు. నేను వేలు నోటి మీద పెడదామంటే చేతులు ఖాళీ లేవు. మేస్త్రీని పిలిపించండి అని గొణిగాను. మేస్త్రీ నాకు పని నేర్పినాయన, ఇప్పటికీ ఆయన కిందే నా పని, ఐదుగురు పిల్లల తండ్రి. కాసేపటికి ఆయన బూట్లు వచ్చాయి. బూట్లు వంగాయి, మోకాళ్ళు వచ్చాయి, తర్వాత తలకిందులుగా మొహం వచ్చింది. ఆ మొహం పట్టీని చూసింది. నన్ను చూసింది. మూలన నోరు తెరిచి నిద్రపోతున్న మా ఆవిడని చూసింది.

"మోటారు వేడెక్కిందండీ," అన్నాడు పైకి తిరిగి. "చల్లారాలి."

ఎంతసేపని సెక్రటరీ గారు అడిగారు.

"అది మోటారుకి తెలియాలండీ."

ఇక నేను ఊపుతూనే ఉన్నాను. నా ఊపుకి లిఫ్టు, లిఫ్టు ఊపుకి తాడు, తాడు ఊపుకి మేడ. నిజం, మేడంతా మెల్లగా ఊగింది. పైన ట్యాంకులో నీళ్ళు ఒడ్డుకి తగిలే చప్పుడు నాకు వినపడింది. కూరగాయలు తెచ్చుకుంటున్న వాళ్ళు మెట్ల మీదే చతికిలబడి, సొరకాయని కౌగిలించుకుని పడుకున్నారు. తగువు పెట్టుకుందామని వచ్చిన పైఅంతస్తు అన్నదమ్ములు, నువ్వెంతంటే నువ్వెంత అంటూనే ఒకరి భుజం మీద ఒకరు వాలారు. సెక్రటరీ గారు తాళాల గుత్తి బుగ్గ కింద పెట్టుకున్నారు. బూట్లు విప్పి పడుకున్న మేస్త్రీ గురక నాకు ముందే తెలుసు, రంపం పొట్టు రాలేది ఒక్కటే తక్కువ. మేడలో మెలకువగా ఉన్నది నేనొక్కణ్ణే.

పిక్కలు రాళ్ళయిపోయాయి. చెమట కళ్ళలోకి దిగుతోంది. ముక్కు మీద ఈగ వాలి, దులుపుకోలేనని తెలిసి అక్కడే స్థిరపడింది. అదంతా ఒక లెక్క కాదు. ఆవిడ ఎంత బాగా నిద్రపోతే అంత బలం వస్తుంది, బలం వస్తే లేస్తుంది, లేస్తే దిగిపోతుంది. తలుపు ఎప్పటికైనా తెరవాలిగా. ఆ పట్టీ నా వీపుకి గుచ్చుకుంటోంది, నేను ఇంకా గట్టిగా ఆనుకుంటున్నాను. ఆవిడని కట్టేశానో, నన్నే కట్టేసుకున్నానో.

ఆవిడ లేచింది. కాసేపు నా కాళ్ళనే చూస్తూ కూర్చుంది.

"ఇటివ్వు పిల్లని."

"నేను బాగానే ఉన్నా."

"కూర్చోవయ్యా. కుదుపుల్లో నిలబడ్డం నాకు నేర్పుతావా?"

పిల్లని తీసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక్క ఊపు తప్పకుండా అందుకుంది. దేన్నీ పట్టుకోలేదు. నేను పట్టీ దగ్గరే కూర్చుందామనుకున్నాను. కూర్చోవడమే గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి తల కింద ఏదో మెత్తగా ఉంది. తడిమి చూస్తే టికెట్ల సంచి. చివ్వున లేచి చూశాను. కటకటాలు సరిగా పడి ఉన్నాయి. నొక్కితే లిఫ్టు కదులుతుంది. ఎప్పుడైనా కదిలేదే. ఆవిడ మాత్రం అక్కడే, అటు ఒక బరువు, ఇటు ఒక బరువు, పిల్లని భుజాన వేసుకుని ఊపుతోంది.

"పట్టీ ఎప్పుడు తీశావు?"

"నువ్వు ఇలా వాలగానే."

"నీకెలా తెలుసు?"

"నా భుజాన ఉన్న సంచి ఎక్కడ ఇరుక్కుందో నాకు తెలీదా? నువ్వు తియ్యవని చూశా. తియ్యకపోతే బాగుండనుకున్నా. పడుకున్నా."

నేను సంచి ఒళ్ళోకి తీసుకున్నాను.

"తీశాక కిందకి నొక్కుదామనుకున్నా," అంది. "నువ్వు నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తున్నావు. చూడు, ఇప్పుడూ ఆడిస్తున్నావు."

చూసుకున్నాను. నిజమే. పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

"రేపట్నించి మధ్యాహ్నం పూట పిల్ల నీది. నేను పడుకుంటా. నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. మేస్త్రీని అడుగు."

"ఆయన లేచాక అడుగుతా."

"ఒప్పుకోకపోతే మళ్ళీ సంచి తగిలించుకుంటా. ఈసారి పట్టీ చూసుకుని తలుపేస్తా."

బెదిరింపు కాదది. రూటు చెప్పినట్టు చెప్పింది. నేను సరేనన్నాను. ఆవిడ చెయ్యి మీటల దగ్గర ఆగింది. కింద మీట మీంచి వేలు జరిగి, మా అంతస్తు మీట మీదకి వెళ్ళింది.

"రైట్ రైట్," అంది చిన్నగా.

మా అంతస్తులో ఆగీ ఆగగానే పిల్ల నోరు తెరిచింది. మేడంతా ఉలిక్కిపడి లేచింది. సెక్రటరీ గారు మేస్త్రీ బూట్లు తొడుక్కుని కిందకి పరుగెత్తారు, అదీ మెట్ల మీంచి, మోకాళ్ళ నొప్పి గుర్తు లేకుండా. మేస్త్రీ కళ్ళు నులుముకుంటుంటే అక్కడే అడిగేశాను. పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి పొమ్మన్నాడు, తన బూట్లు తెచ్చిస్తే.

మేం ముగ్గురం గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాం. మా ఆవిడ బూట్లు విప్పి మంచం కింద పెట్టింది. సంచి మాత్రం బీరువాలో పెట్టలేదు. తలుపు పక్క మేకుకి తగిలించింది, చెయ్యి చాపితే అందేలా. తర్వాత కాళ్ళు ముడుచుకుని మంచం ఎక్కింది, నాకు దారి ఇవ్వడానికి. నేను పిల్లని భుజాన వేసుకుని గాడిలో నడక మొదలుపెట్టాను.