మట్టిని వెతుక్కున్న పచ్చవైరు

ఆ ఇంట్లో పొద్దున్నే మూడు పనులుండేవి: పాలు కాచడం, ఇల్లు ఊడవడం, రాత్రికి రాత్రి స్విచ్‌బోర్డులోంచి పెరిగిన పచ్చవైరు కత్తిరించడం. మొదటి రెండూ కోడలివి. మూడోది ఆమె మొగుడిది, అందుకని అదొక్కటే పని కింద లెక్క.

వాషింగ్ మెషిన్ బిగించిన రోజు ఆ ఎర్త్ వైరుని దేనికీ కలపకుండా బోర్డులోకి కుక్కేసింది అతనే. "అది లేకపోయినా మెషిన్ తిరుగుతోందిగా!" అన్నాడు. అప్పట్నుంచీ అది కిటికీవైపు పాకుతూనే ఉంది. పక్కింటావిడ చూసి, "మా ఇంట్లో ఇంత ఏపుగా రాదు," అనేసి వెళ్లింది.

ఓ రోజు మెషిన్ మీద తడిచెయ్యి వేసిన కోడల్ని షాకు గోడకి విసిరికొట్టింది.

"చెప్పులేసుకో," అన్నాడు మొగుడు.

"రోగం మెషిన్‌కైతే చెప్పులు నాకా?"

"నన్నెప్పుడూ కొట్టలేదే!"

"ముట్టుకుంటే కదరా," అంది అత్త.

ఇంతకీ ఈ వైరు ఎక్కడికి పోదామనుకుంటోంది? కోడలికి చూడాలనిపించింది. మొగుడు ఊరెళ్లగానే కత్తెర దాచేసింది. వైరు కిటికీ దాటి గోడ దిగింది. నీళ్ల పైపు దగ్గర ఆగి, కాదన్నట్టు తలాడించి, పెరటి మూలకి పాకింది. ఇల్లు కట్టినప్పుడు తవ్వి, అందరూ మర్చిపోయిన ఎర్త్ గుంత మూత మీద చుట్టచుట్టుకుని కూర్చుంది.

కోడలు ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. వచ్చినావిడ మెయిన్ ఆపి, గుంత మూత తీసి, "గొంతెండిపోయిందమ్మా పాపం!" అంటూ గుంత నిండా నీళ్లు పోయించింది. వైరు ఓ కొస గుంతలోని రాడ్డుకి, రెండో కొస బోర్డులో మెషిన్ ప్లగ్గు పెద్ద పిన్ను దూరే చోట గట్టిగా బిగించింది. కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చొకటి మెయిన్ దగ్గర పెట్టి, మీటరుతో అంతా సరిచూసి వెళ్లింది.

మొగుడు తిరిగొచ్చాడు.

"ఇక షాకు కొట్టదు. మీ బట్టలు మీరే మెషిన్‌లో వేసి ఉతుక్కోండి," అంది కోడలు.

గొణుక్కుంటూ బట్టలు కుక్కి, తడిచెయ్యి మెషిన్ మీద ఆనించి స్విచ్చు వేశాడు. మెషిన్ లోపల ఎన్నాళ్లుగానో ఒరుసుకుంటున్న కరెంటు వైరు అప్పుడే తెగి రేకుకి తగిలింది. మెయిన్ దగ్గరి కొత్త స్విచ్చు టక్కున పడిపోయింది.

"ఛ, కరెంటు పోయింది!"

"కరెంటే కదరా పోయింది," అంది తల్లి, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

మర్నాడు పచ్చవైరు పెరగలేదు. కత్తెర పట్టుకుని అతను బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కోడలు వచ్చి, కత్తెర తీసుకుని, చీపురు చేతికిచ్చింది.