మచ్చల కొమ్మ

ఆ కొమ్మ సంగతి ఫుసాయే నాకు ఎప్పుడూ చెప్పలేదు. నా భార్య అంతే. చెప్పవలసినవి చెప్పకుండానే పోయింది.

చలికాలం చివర్లో ఆమె చెల్లెలు ఇత్సుయో పక్క దీవి నుంచి పొద్దుటి పడవలో వచ్చింది. చేతిసంచిలో రెమ్మలు ఆరిపోకుండా చుట్టే తడి నాచు గుడ్డ, అంటు కట్టే కత్తి ఉన్నాయి.

"ఇంకా బతికే ఉన్నావా బావా? ఈ గడ్డం చూస్తే అక్క ఇంట్లోకి రానిచ్చేది కాదు."

"దిగీ దిగగానే మొదలుపెట్టావు."

ఇత్సుయో నవ్వుతూ పెరట్లోకి వెళ్లి కమెలియా చెట్టు ముందు ఆగింది. చెట్టు నిండా ఎర్రటి పూలు.

"ఆకులు అద్దాల్లా ఉన్నాయే! గొంగళిపురుగులు పట్టలేదా?"

"పట్టాయి. ఆకు వెనక గుంపుగా ఉన్నప్పుడే, కదపకుండా ఆకుతో సహా సంచిలోకి కత్తిరించాను. చచ్చిన పురుగు నూగు తగిలినా దద్దుర్లే."

"మరి ఆకుల మీద నల్లమసి బూజు?"

"అది పొలుసు పురుగుల వల్ల. పాత పళ్ల బ్రష్షుతో గీకి, ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడిచాను."

"నువ్వా! ఇన్నేళ్లలో ఒక్కనాడైనా నీ అన్నం గిన్నె నువ్వు తుడుచుకున్నావా?"

ఆ ఎకసెక్కెం నాకు హాయిగానే ఉంది. ఫుసాయే పోయిన ఆ ఏడాదిలో నన్ను మెచ్చుకునే మనిషి ఇంకెవరూ రాలేదు. ఆగలేక నేనే చెప్పాను.

"అసలు పని అది కాదు. దక్షిణం వైపు కొమ్మకి తెగులు పట్టింది. ఆకుల నిండా పసుపు మచ్చలు. మిగతా చెట్టుకి అంటకుండా మొదలంటా కోసేశాను. కోసి తగలబెట్టాను. ఆ బూడిదే ఇదిగో, చెట్టు మొదట్లో చల్లాను."

ఇత్సుయో మొహంలో నవ్వు పోయింది.

"మచ్చల కొమ్మా?"

"అదే."

"అది తెగులే బావా. ఆ తెగులు ఉంటేనే ఎర్రపువ్వు మీద తెల్లమచ్చలు పడతాయి. మా అమ్మ చెట్టుది అది. అక్క పెళ్లయి వచ్చేటప్పుడు రెమ్మ తెచ్చి దీనికి అంటు కట్టుకుంది."

"అయితే మీ ఇంటి చెట్టు నుంచి ఇంకో రెమ్మ తెచ్చి కడితే సరి."

"శరదృతువు తుపానుకి అది వేళ్లతో సహా లేచిపోయింది. ఇక్కడ ఉంది కదా అనే వచ్చాను."

ఇత్సుయో సంచి కింద పెట్టింది. చెట్టు చుట్టూ తిరుగుతూ ఒక్కో ఆకూ తిప్పి చూసింది, ఫుసాయే పురుగు గుడ్ల కోసం చూసినట్టే. పసుపు చుక్క ఉన్న ఆకు ఒక్కటి కూడా దొరకలేదు. దొరకదు. అంత శుభ్రంగా చేశాను.

"అక్క నీకు చెప్పలేదా?" చివరికి అడిగింది.

"చెప్పలేదు."

"పూసిన ప్రతిసారీ మొదటి మచ్చల పువ్వు నీళ్లగిన్నెలో వేసి నీ భోజనం బల్ల మీద పెట్టేదిగా. నువ్వు చూస్తావని."

"పెట్టేది."

"నువ్వేం చేసేవాడివి?"

సోయా సాస్ సీసా అందడానికి అడ్డంగా ఉందని ఆ గిన్నెను పక్కకి నెట్టేవాణ్ణి. ఆ మాట ఆమెతో అనలేదు. చెవులు మాత్రం కాలిపోయాయి.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఒక ఎర్రపువ్వు కోసి, లోపల అక్క పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. భోజనానికి ఉండమంటే పడవ వేళయిందంది. పడవకి ఇంకా చాలా టైముంది. ఇద్దరికీ తెలుసు.

రేవు దాకా సంచి నేనే మోశాను. నాచు తడి గుడ్డలోంచి కారి నా ప్యాంటు తడిసింది. అందులో చుట్టుకుని వెళ్లడానికి ఏమీ లేదు.

వచ్చే ఏడాది కూడా ఆ చెట్టు ఎర్రగానే పూస్తుంది. మచ్చల పూలేవని వాడలో వాళ్లు అడుగుతారు. అడగనీ. ఫుసాయే నాకు చెప్పలేదు. నాది అదే మాట. ఇక ఆ కొమ్మ గురించి ఎవరితోనూ నోరు విప్పను.